రెండు కుర్చీల పంపుహౌసు

చిట్టిలోవలో తవిటయ్య వాల్వు తిప్పితేనే కుళాయి తుమ్ముతుంది. ఈ సంగతి అతను ఎన్నడూ పైకి అనలేదు. అతను పైకి అనే సంగతులే తక్కువ. మూడో తరగతిలో పంతులుగారు నోరు ముయ్యమన్నారని, మళ్ళీ తెరవమని చెప్పేలోగా ఆయనకి బదిలీ అయిపోయిందని మెట్టవీధిలో చెప్పుకుంటారు. తవిటయ్య ఆ మాటని ఖండించలేదు. ఖండించాలంటే మళ్ళీ నోరే తెరవాలి.

పురపాలక సంఘం పంపుహౌసులో అతను వాల్వు ఆపరేటరు. ఊరికి అయిదు లైన్లు. నాలుగు పల్లంలో ఉన్న వీధులవి. అయిదోది మెట్టవీధిది. ఆ వీధి గుట్ట మీద, బండ మీద ఉంది. అక్కడ బోరు దిగదు. బావి తవ్వితే నిప్పురవ్వలు వస్తాయి తప్ప నీళ్ళు రావు. మిగతా నాలుగు వాల్వులూ కట్టేసి అయిదోది బారుగా తిప్పితే తప్ప నీళ్ళు గుట్ట ఎక్కవు. తవిటయ్య కాపురం కూడా మెట్టవీధిలోనే. కనక ఆ వాల్వు తిప్పడం అతనికి ఉద్యోగమూ, సంసారమూ కూడా.

లాగ్‌బుక్ అని ఒక పుస్తకం ఉండేది. తిప్పినప్పుడు "తిప్పాను" అని, కట్టినప్పుడు "కట్టాను" అని అందులో రాసేవాడు. అతని సాహిత్యం మొత్తం ఆ రెండు మాటలే. ఏఈ మృత్యుంజయరావు గారు నెలకోసారి వచ్చి, చదవకుండా సంతకం పెట్టేవారు. చదవడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు. చదవరని తవిటయ్యకి తెలుసు. ఇద్దరి మధ్యా మంచి అవగాహన ఉండేది.

ఇంతలో ఎక్కడో ఒక ఆఫీసులో చెదలు లాగ్‌బుక్కులు తినేశాయట. చెదల మీద చర్య తీసుకునే అధికారం ఎవరికీ లేకపోవడంతో పుస్తకాల మీద తీసుకున్నారు. రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది: "క్షేత్రస్థాయిలో జరుగు ప్రతి పనియు యంత్రమునందు నమోదు కావలెను. నమోదైన ప్రతి ఎంట్రీయు తక్షణమే దూరప్రాంత సర్వర్లకు చేరవలెను. చేరినట్లు రుజువు లేని పని జరగనట్లుగా భావించబడును."

ఎండలు ముదిరే వేళకి పంపుహౌసులోకి ఒక కంప్యూటరు వచ్చింది. దాంతోపాటు పట్నం నుంచి నిశాంత్ గారనే కన్సల్టెంటు వచ్చారు. చూడ్డానికి కమిషనరు చక్రధరరావు గారూ, ఏఈ గారూ వచ్చారు. కుర్చీలు చాలక తవిటయ్య మోటారు పక్కన నిలబడ్డాడు.

"చాలా సింపుల్ సార్," అన్నారు నిశాంత్ గారు. "దీంట్లో ఒక చిన్న భాగం ఉంటుంది. పోస్ట్‌మ్యాన్ అనుకోండి. ఈయన ఒక లైను రాయగానే అది తీసుకెళ్ళి దూరంగా ఉన్న సర్వర్లలో పడేస్తుంది. ఏం పంపాలి, ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి. ఈ మూడూ చెబితే చాలు. ఏఈ గారికీ, మీకూ, జిల్లాకీ, రాజధానిలో డైరెక్టరేటుకీ, ఒకేసారి నాలుగు చోట్లకీ వెళ్ళిపోతుంది."

"ఒకేసారా?" అన్నారు కమిషనరు గారు. ఆ గొంతు విని మోటారు కూడా ఒక్క క్షణం తగ్గినట్టనిపించింది.

"అవును సార్. నేరుగా."

"వాల్వు ఆపరేటరు నేరుగా రాజధానికి రాయుటయా? కమిషనరు తెలుసుకొనుటకు ముందే డైరెక్టరు గారు తెలుసుకొనుటయా? ఇది క్రమశిక్షణా రాహిత్యం. సరైన మార్గము ద్వారా పోవలెను."

"సార్, అది మనిషి కాదు కదా. ప్రోగ్రాం."

"ప్రోగ్రాం అయిననూ పురపాలక సంఘపు ప్రోగ్రామే కదా?"

నిశాంత్ గారి చదువులో ఈ పాఠం లేదు. ఆయన కూర్చుని అమరిక మార్చారు. తవిటయ్య రాసింది ముందు ఏఈ గారి యంత్రానికి పోవాలి. అక్కడ "పై ఎంట్రీని తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని ఒక లైను చేరాలి. అక్కడి నుంచి కమిషనరు గారికి, అక్కడి నుంచి జిల్లాకి, అక్కడి నుంచి డైరెక్టరేటుకి. ప్రతి మజిలీలోనూ ఒక సమర్పణ.

తర్వాత స్థాయిల ప్రశ్న వచ్చింది. ప్రతి ఎంట్రీకీ ఒక తీవ్రత ఉంటుందని నిశాంత్ గారు చెప్పారు. అన్నిటికన్నా పైది అత్యవసరం, అన్నిటికన్నా కిందిది ఉత్త సమాచారం. నడుమ హెచ్చరికా, లోపమూ వగైరా ఉన్నాయి. పైవి ముందు వెళతాయి, కిందివి తీరిగ్గా వెళతాయి.

"అత్యవసరమును ప్రకటించు అధికారము ఎవరికి?" అన్నారు కమిషనరు గారు.

"ఎవరు చూస్తే వారికి సార్. పైపు పగిలిందనుకోండి..."

"అట్లు కాదు. నాలుగో తరగతి ఉద్యోగికి అత్యవసరము ఉండదు. ఆయన స్థాయికి సమాచారము చాలును."

ఏఈ గారు వెనక్కి తిరిగి, "ఏమయ్యా తవిటయ్యా, అర్థమైందా? పైపు పగిలినా నువ్వు కంగారు పడకూడదు. సమాచారం అంతే," అన్నారు.

"సిత్తం బాబూ," అన్నాడు తవిటయ్య. ఆ రోజు అతను అన్న మొదటి మాట అదే.

"మరి ఈయన ఏమీ రాయకపోతే, బతికున్నట్టు యంత్రానికి ఎలా తెలుస్తుంది?" అన్నారు నిశాంత్ గారు. "అందుకే గంటకోసారి ఏదో ఒకటి పంపాలి. పని లేకపోతే 'ఏమీ లేదు' అని అయినా సరే. మౌనంగా ఉంటే పోయినట్టు లెక్క."

తవిటయ్య తన చెయ్యి తనే గిల్లి చూసుకున్నాడు. యాభై ఏళ్ళుగా అతను ఆ లెక్కన పోతూనే ఉన్నాడు.

* * *

మొదటి వారంలోనే పోయాడు కూడా. పంపుహౌసు వెనక వేపచెట్టు కింద టీ తాగి, చల్లగాలికి కళ్ళు మూశాడు. గంట దాటింది. యంత్రం "మౌనం" అని పైకి పంపింది. మజిలీ మజిలీకీ సమర్పణలు చేరాయి. సాయంత్రానికి మృత్యుంజయరావు గారు పూలదండ పట్టుకుని మెట్టవీధి ఎక్కారు. దాలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. ఆవిడ తవిటయ్య భార్య. మొగుడు దాచుకున్న మాటలన్నీ కూడా ఆవిడే ఖర్చు పెడుతుంది.

"అమ్మా, ధైర్యంగా ఉండాలి," అన్నారు ఏఈ గారు.

"ఉన్నాను బాబూ. ఏటైనాది?"

"తవిటయ్య మనకి లేడు."

"లేకపోవడమేటి బాబూ! పొద్దున్న సద్దన్నం తిని ఎల్లినాడు. ఇదిగో, ఆడికోసవే సేపలు తోముతున్నాను."

"అది పొద్దున్న కదమ్మా. ఇది మధ్యాహ్నం సమాచారం."

అప్పుడే తవిటయ్య గుట్ట ఎక్కి వచ్చాడు. ఏఈ గారు దండ వెనక్కి దాచుకున్నారు. "వచ్చావా, మంచిది. కానీ ఇప్పుడు నువ్వు నాకు కనబడితే లాభం లేదు. పైకి కనబడాలి. రేపు లైఫ్ సర్టిఫికెట్ పట్రా," అన్నారు. దండ మాత్రం దాలమ్మ వదల్లేదు. గుమ్మానికి కట్టింది.

బతికున్నట్టు ధ్రువపత్రం సంపాదించేసరికి తవిటయ్యకి తల ప్రాణం తోకకి వచ్చింది. అప్పట్నుంచి గంటగంటకీ "ఏమీ లేదు" అని కొట్టేవాడు. కోడి గింజలు ఏరినట్టు ఒక్కో అక్షరాన్నీ ఏరేవాడు. "ఏమీ లేదు" పూర్తయ్యేసరికి మళ్ళీ గంట అయ్యేది.

* * *

నెల తిరక్కుండా రెండో ఉత్తర్వు వచ్చింది. ఎంట్రీలన్నీ రాజధానిలోనే ఉంటే, రాజధానికి వరదో అగ్గో వస్తే గతేమిటని ఎవరికో సందేహం వచ్చింది. కాబట్టి డైరెక్టరేటు నుంచి ప్రతి ఎంట్రీయు మరొక "సుదూర సర్వరు"కి పోవలెను. అది రాజధానికి వీలైనంత దూరంలో ఉండవలెను. ప్రభుత్వ భవనమై ఉండవలెను. యంత్రము వేడెక్కకుండా నీటి సదుపాయము ఉండవలెను.

రాజధానిలో పటం పరిచి కొలిచారు. అక్కడికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది చిట్టిలోవ. నీటి సదుపాయం ఉన్న ప్రభుత్వ భవనం చిట్టిలోవ పంపుహౌసు.

"మనకు దక్కిన గౌరవం!" అన్నారు కమిషనరు గారు. "ఈ చివరి నుంచి చూస్తే రాజధాని సుదూరం. రాజధాని నుంచి చూస్తే మనమే సుదూరం. ఎంతటి సమన్వయం!"

పంపుహౌసులోకి రెండో కంప్యూటరు వచ్చింది. దాన్ని చూసుకోడానికి "సుదూర సర్వరు సంరక్షకుడు" అనే హోదా పుట్టింది. పోస్టు మాత్రం పుట్టలేదు. ఉన్న సిబ్బందితోనే నెట్టుకు రావలెనని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. పంపుహౌసులో ఉన్న సిబ్బంది తవిటయ్య.

"కానీ ఒక నిబంధన ఉంది సార్," అన్నారు ఏఈ గారు. "పంపేవాడూ, పుచ్చుకునేవాడూ ఒకరే కాకూడదట. పక్షపాతం వస్తుందట."

కమిషనరు గారు ఆలోచించారు. "ఒకే కుర్చీలో ఇద్దరు అయితే ఆక్షేపణ. రెండు కుర్చీలలో ఒకడు అయితే ఆక్షేపణ ఎక్కడ?"

గది నడుమ తెల్లరంగుతో గీత కొట్టారు. ఎడమ పక్క ఆపరేటరు కుర్చీ, పచ్చ కార్డు. కుడి పక్క సంరక్షకుడి కుర్చీ, నీలం కార్డు. ఆపరేటరు సర్వరు ముట్టుకోరాదు. సంరక్షకుడు వాల్వు ముట్టుకోరాదు. గీత దాటినప్పుడల్లా కార్డు మార్చవలెను. కుడి కుర్చీకి చేతులున్నాయి, మెత్త ఉంది. తవిటయ్య జన్మలో మెత్త ఉన్న కుర్చీలో కూర్చోలేదు. మొదటిసారి కూర్చున్నప్పుడు పడిపోతానేమోనని రెండు చేతులా పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఎడమ కుర్చీలో కూర్చుని "తిప్పాను" అని కొట్టాడు. మధ్యాహ్నం కుడి కుర్చీలో కూర్చుని ఉంటే ఎదురుగా తెర మీద పెద్ద కాగితం లాంటిది దిగింది. కూడబలుక్కుని చదివాడు. "డైరెక్టరేటు వారి ద్వారా సమర్పించడమైనది. జిల్లా కార్యాలయం వారి ద్వారా సమర్పించడమైనది. గౌరవ కమిషనరు గారి ద్వారా సమర్పించడమైనది. ఏఈ గారి ద్వారా సమర్పించడమైనది." అన్నిటి కిందా, పల్లకీ మోసే బోయీల నడుమ పెళ్ళికొడుకులా, ఒక్క మాట కూర్చుని ఉంది: "తిప్పాను."

తవిటయ్యకి కళ్ళు చెమర్చాయి. ఇంట్లో అతను అన్న మాట గుమ్మం నుంచి వంటింటి దాకా కూడా చేరదు. ఈ మాటేమో రాజధాని దాకా వెళ్ళి, నాలుగు ఆఫీసులు ఎత్తుకుని ఊరేగిస్తే తిరిగొచ్చింది. కింద ఒక బొత్తాం మెరుస్తోంది. దాని మీద "అందినది" అని ఉంది. భక్తిగా నొక్కాడు.

ఆ రోజు నుంచి అతనికి మాటలు వచ్చాయి. "తిప్పాను, గట్టిగా ఉంది." "కట్టాను, చెయ్యి నొప్పి పుట్టింది." "ఏమీ లేదు, కాకి వాలింది." "ఏమీ లేదు, కాకి ఎగిరింది." ప్రతిదీ రాజధానికి వెళ్ళి వచ్చేది. కాకి కూడా సమర్పణలతో తిరిగొచ్చేది.

నీలం కార్డు మెళ్ళో వేసుకునే ఇంటికి వచ్చేవాడు. అన్నం తింటూ కూడా తీసేవాడు కాదు. ఓ రోజు అది పులుసులో పడింది.

"ఆ గంటేటయ్యా మెళ్ళో, గేదికి కట్టినట్టు?" అంది దాలమ్మ.

"సంరక్షకుడు," అన్నాడు తవిటయ్య.

"ఎవులికి?"

తవిటయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఆ ప్రశ్న సరైన మార్గము ద్వారా రాలేదు.

* * *

పదవి అన్నాక బాధ్యత ఉంటుంది. అర్థం కాని ఎంట్రీ వస్తే సంరక్షకుడు వివరణ కోరుతూ మెమో ఇవ్వాలని నియమం. కుడి కుర్చీలో కూర్చుని తవిటయ్య ఓ పొద్దున్న "తిప్పాను" అన్న మాట కేసి చూశాడు. కుర్చీ మెత్తగా ఉండబట్టో ఏమో, అతనికి అది చాలా నిర్లక్ష్యంగా రాసినట్టు కనబడింది. మెమో కొట్టాడు: "తిప్పాను అంటే ఏమి తిప్పితివి? వివరించవలెను."

మెమో డైరెక్టరేటుకి పోయి, జిల్లాకి దిగి, కమిషనరు గారికి దిగి, ఏఈ గారికి దిగి, రెండో రోజున ఎడమ కుర్చీ ముందు పడింది. తవిటయ్య చదివి మండిపడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏం తిప్పావని అడిగినవాడు లేడు. "మెత్త మీద కూకున్నోడికి నీళ్ళ సంగతేటి తెలుస్తాది!" అని గొణిగి, జవాబు కొట్టాడు: "వాల్వు. ఇంకేమి తిప్పుతాను? బొంగరమా?"

ఆ జవాబు కుడి కుర్చీకి చేరింది. సంరక్షకుడికి ముఖం కందిపోయింది. కింది ఉద్యోగి ఇలాంటి భాష వాడితే ఊరుకోవచ్చునా? సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. ఎడమ కుర్చీలో తవిటయ్య దాన్ని అందుకుని అవమానంతో ఆ పూట టీ తాగలేదు. ఇంటికి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఎవులితోటి దెబ్బలాటయ్యా?" అంది దాలమ్మ.

"పైనోడితోటి."

"పైనోడెవులు?"

తవిటయ్య దుప్పటి తల మీదకి లాక్కున్నాడు. నేనే అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "మంచోడు కాడు," అన్నాడు చివరికి.

* * *

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి. కాకులు వాలుతూనే ఉన్నాయి. కానీ "అందినది" అని నొక్కడం కూడా ఒక పనే. పని అన్నాక నమోదు కావాలి. నమోదైంది పైకి పోవాలి. పైకి పోయింది సుదూర సర్వరుకి రావాలి. వచ్చినందుకు మళ్ళీ "అందినది" నొక్కాలి. తవిటయ్య ఎంత నొక్కితే అంత వచ్చేది. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగినట్టు, ఆ బొత్తాం అతని పగలంతా గొరిగేసింది. "అందినట్లు నొక్కినది అందినట్లు నొక్కినది అందినది" అని తెర మీద కనబడేది. తెర మూల "పెండింగ్" అని ఒక అంకె పెరుగుతూ ఉండేది.

ఆ అంకె రాజధానిలో ఎవరి కంటిలోనో పడింది. మూడో ఉత్తర్వు గురువారం దిగింది: "పెండింగ్ సున్నా అయిన పిమ్మటనే క్షేత్రస్థాయిలో తదుపరి పని చేపట్టవలెను." అంటే వాల్వు తిప్పే ముందు తిప్పబోతున్నట్టు రాయాలి. అది చుట్టూ తిరిగి రావాలి. అందినట్టు నొక్కాలి. మొత్తం అంకె సున్నా కావాలి. అప్పుడు తిప్పాలి.

గురువారం ఊరికి నీళ్ళు రాలేదు. పల్లం వీధులవాళ్ళు చేతి బోర్లు కొట్టుకున్నారు. కమిషనరు గారి ఇంటికి ట్యాంకరు వెళ్ళింది. మెట్టవీధివాళ్ళు బిందెలు వరసలో పెట్టి కూర్చున్నారు.

శుక్రవారం మెట్టవీధిలో గున్నమ్మ ఇంట పురుడు. గున్నమ్మ దాలమ్మకి చెల్లెలు, పక్కిల్లే. ఆవిడ కూతురు ఈశ్వరికి తొలి కాన్పు, ఆడపిల్ల. బాలింతకీ, పసిగుడ్డుకీ తలంట్లు పోసి, ఇల్లంతా కడిగి, గుడ్డలు ఉతికితే గానీ మైల తీరదు. మైల తీరితే గానీ చుట్టాలు మెతుకు ముట్టరు. అల్లుడి తరపువాళ్ళు తెల్లారేసరికి ఆటోలో దిగిపోయారు. గున్నమ్మ పొయ్యి మీద కాగు ఎక్కించింది. కాగులో పొయ్యడానికి చుక్క లేదు. వీధి మొత్తం గాలించి తెస్తే రెండు చెంబులైంది. అది చుట్టాల కాళ్ళకే సరిపోయింది.

అక్కా చెల్లెళ్ళిద్దరూ ఖాళీ బిందెలతో పంపుహౌసుకి దిగారు. తవిటయ్య నీలం కార్డుతో కుడి కుర్చీలో ఉన్నాడు. రెండు వేళ్ళతో బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావా, నీల్లొదులు," అంది గున్నమ్మ.

"పెండింగున్నాది," అన్నాడు చెయ్యి ఆపకుండా.

"ఆడెవులు బావా? ఆడ్ని పిలు. నాను మాటాడతాను. కూతురు పురుడని సెప్తాను. ఆడికీ ఆడపిల్లలుంటారు కదేటి."

"ఆడు మనిసి కాడు. అంకె."

"అంకెకి నీల్లేటి బావా? తాగుద్దా, తానవాడుద్దా?"

తవిటయ్య బొత్తాం మీంచి చెయ్యి తీశాడు. ఫోను తీసి ఏఈ గారికి చేశాడు. ఏఈ గారు కమిషనరు గారికి కలిపారు. నిన్నటి నుంచీ నొక్కుతున్నాననీ, నొక్కేకొద్దీ పెరుగుతోందనీ, పురుడనీ అయిదు ముక్కల్లో చెప్పాడు.

"పురుడు ఏ స్థాయి?" అన్నారు కమిషనరు గారు.

"బాబూ?"

"తీవ్రత, తీవ్రత. మీ హోదాకు సమాచారమే గదా. సమాచారమునకు పనులు ఆగుట, మరల మొదలగుట ఉండదు. పెండింగ్ సున్నా చేసి నాకు తెలియజేయవలెను. మనము రాష్ట్రమంతటికీ సుదూరులము. మాదిరిగా ఉండవలెను."

ఫోను పెట్టేశాక తవిటయ్య మళ్ళీ బొత్తాం మీద వేలు పెట్టాడు. గున్నమ్మ అక్క పక్కన కింద కూలబడింది. "పసిగుంట లోపలే ఏడుస్తన్నాది అప్పా. పాలు కక్కిన గుడ్డలు అలగే ఎండిపోయినాయి. ఈశ్వరి అత్తగారు మొకం సిట్లించి కూకుంది. ఎలగే అప్పా?"

దాలమ్మ మొగుడి కేసి చూసింది. ఎడమ కుర్చీ కేసి చూసింది. "ఈ కుర్చీలోనోడు ఎక్కడికెల్లినాడు?"

"ఆడు... ఇప్పుడు ఇటున్నాడు," అన్నాడు తవిటయ్య.

"అయితే ఇటు ఎవులూ లేరన్నమాట. మరింకేటి," అని దాలమ్మ చీరకొంగు బిగించి, వాల్వు గుంట దగ్గరకి నడిచి, గోడకి ఆనించి ఉన్న పొడుగాటి ఇనపకడ్డీ తీసుకుంది. గుంటలోకి దింపి బలమంతా పెట్టి తోసింది. కుడి వైపుకి తోసింది. ఆ వాల్వు పాతది, ఎడమకి తిరుగుతుంది. ఇనుము కీచుమంది. దాలమ్మ ఇంకా బలంగా తోసింది. ఇనుము ఇంకా కీచుమంది.

తవిటయ్య వేలు బొత్తాం మీద ఆగింది. ఆ కీచు అతని పళ్ళల్లోంచి వెన్ను దాకా దిగింది. ఉత్తర్వులు మరిచిపోలేదు. పాపపుణ్యాలు తలుచుకోలేదు. పసిపిల్ల మీద జాలి కలిగిందని చెప్పుకుంటే గొప్పగా ఉండును గానీ, ఆ క్షణాన అది కూడా లేదు. ముప్ఫై ఏళ్ళుగా నూనె పోసి పెంచుకున్న వాల్వుని ఎవరో అడ్డదిడ్డంగా తిప్పుతున్నారు. అంతే.

"ఓలి నీ సేతులిరగా, అలగ కాదే! ఎడంకి!" అని అరిచాడు. అతను అరవడం చిట్టిలోవలో ఎవరూ విని ఉండలేదు. ఒక్క అంగలో తెల్లగీత దాటాడు. కార్డు మార్చలేదు. కడ్డీ లాక్కున్నాడు. ఎడమకి తిప్పాడు. బారుగా తిప్పాడు.

గుంటలో నీళ్ళు ఉరిమాయి. పైపు గుట్ట వైపు దడదడలాడింది. కాసేపటికి పైనుంచి మెట్టవీధి మొత్తం ఒక్క గొంతుతో కేకేసింది. గున్నమ్మ బిందె ఎత్తుకుని పరిగెత్తింది. ఖాళీ బిందె, నింపుకోవడం కూడా మరిచిపోయింది.

మధ్యాహ్నానికి కాగు పొగలు కక్కింది. ఈశ్వరికీ, పిల్లకీ తలంట్లు అయ్యాయి. వాకిళ్ళు కడిగిన నీళ్ళు మెట్ల మీంచి పారి పంపుహౌసు గేటు దాకా వచ్చాయి.

వాటిని చూశాక తవిటయ్యకి భయం వేసింది. కుడి కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్ళుగా చదివిన సమర్పణల భాష అంతా కూడదీసుకుని ఒక ఎంట్రీ కొట్టాడు: "వాల్వు తిరిగినది. నీళ్ళు వెళ్ళినవి." ఎవరు తిప్పారో రాయలేదు. పెద్దవాళ్ళెవరూ అలా రాయరని అతనికి ఇప్పటికి తెలిసింది.

* * *

సోమవారం విచారణ. కమిషనరు గారు కుడి కుర్చీలో కూర్చున్నారు. ఏఈ గారు తెల్లగీత మీద అటో కాలూ ఇటో కాలూ వేసి నిలబడ్డారు.

"వాల్వు తిరిగిన సమయమున నీ మెడలో ఏ కార్డు ఉన్నది?" అన్నారు కమిషనరు గారు.

"నీలం, బాబూ."

"అనగా నీవు సంరక్షకుడవు. సంరక్షకునికి వాల్వు ముట్టుకొను అధికారము లేదు. అధికారము లేని పనిని సంరక్షకుడు చేసి ఉండజాలడు. రాసుకోండి, మృత్యుంజయరావు గారూ."

ఏఈ గారు రాసుకున్నారు. తవిటయ్య నోరు తెరిచాడు. "బాబూ, నానే తిప్పినాను."

"నువ్వు ఊరుకోవయ్యా," అన్నారు ఏఈ గారు. "నువ్వు చెయ్యలేదని ఆయన నిరూపిస్తుంటే అడ్డొస్తావేం?"

"ఇక ఆపరేటరు సంగతి," అన్నారు కమిషనరు గారు. "వాల్వు తిరుగుచుండగా ఆపరేటరు తన కుర్చీలో ఉన్నాడా?"

"లేడు బాబూ."

"ఎక్కడికి వెళ్ళినాడు?"

"ఇటు... ఈ కుర్చీలోనే..."

"ఈ కుర్చీలో ఉన్నది సంరక్షకుడు. ఇంతకు ముందే ఒప్పుకున్నావు. కనుక ఆపరేటరు విధి నిర్వహణ వేళ అనుమతి లేక గైర్హాజరు. ఇది క్షమించరానిది."

వారం లోపల ఉత్తర్వు వచ్చింది. గైర్హాజరైన ఆపరేటరు తవిటయ్యను విధుల నుంచి సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ కాలములో అతడు పంపుహౌసు ఆవరణలో అడుగు పెట్టరాదు. ప్రజలకు అసౌకర్యము కలగకుండా ఆపరేటరు పనిని పూర్తి అదనపు బాధ్యతగా సంరక్షకుడు తవిటయ్యకు అప్పగించారు. సస్పెండైనవాడు లోపలికి రాలేదని సంరక్షకుడు రోజూ కాగితం మీద ధ్రువీకరించవలెను. సస్పెన్షన్ విషయములు గోప్యములు గనుక యంత్రమునందు నమోదు చేయరాదు.

సస్పెండైనవాడి ఎంట్రీలు కూడా సస్పెండైనట్టేనని ఏఈ గారు వ్యాఖ్యానించారు. తెర మూల అంకె మొత్తం చెరిగిపోయింది. గంటగంటకీ "ఏమీ లేదు" కొట్టే బాధ కూడా తప్పింది. తిప్పబోతున్నట్టు రాయాల్సినవాడు లేడు. రాసేవాడు లేడు గనక ఎంట్రీ లేదు. ఎంట్రీ లేదు గనక పెండింగ్ సున్నా. పెండింగ్ సున్నా గనక సంరక్షకుడు నిక్షేపంలా వాల్వు తిప్పవచ్చు. చిట్టిలోవకి రోజూ నీళ్ళు వస్తున్నాయి. పెండింగ్ లేని ఏకైక పంపుహౌసు అని రాజధాని నుంచి ఒక షీల్డు వచ్చింది. అందుకోడానికి కమిషనరు గారు వెళ్ళారు.

సస్పెండైన తవిటయ్యకి సగం జీతం. సంరక్షకుడి హోదాకి జీతమే లేదు. ఈ సంగతి దాలమ్మకి అర్థమవడానికి మూడు పూటలు పట్టింది. నాలుగో పూట రెండు గిన్నెల క్యారేజీతో పంపుహౌసు గేటు దగ్గరకి వచ్చింది.

"ఇదేటే రెండు గిన్నెలు?" అన్నాడు తవిటయ్య.

"సస్పెండైనోడికి సోడంబలి. ఆపీసరుకి సేపల పులుసు. ఎవులిది ఆల్లు తినండి. నా ఇంట్లో పచ్చపాతం లేదు."

తవిటయ్య రెండు గిన్నెలూ అందుకున్నాడు. సస్పెండైన మనిషి ఆవరణలో ఉండకూడదు కనక నీలం కార్డు తీసి గేటుకి తగిలించి, రోడ్డు మీదకి వెళ్ళి, ఎండలో నిలబడి అంబలి తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత కార్డు మెళ్ళో వేసుకుని, లోపలికి వచ్చి, మెత్త ఉన్న కుర్చీలో కూర్చుని, చేపల పులుసు ముళ్ళు ఏరుకుంటూ నెమ్మదిగా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని కాగితం తీసి రాశాడు: "తవిటయ్య ఈ రోజు కూడా రాలేదు."